మీటరు వెనకవైపు లెక్క: ఏ సంకేతానికి ఏ ఇన్‌పుట్?

ప్యానెల్ మీటరు (విద్యుత్ ప్యానెల్ తలుపుకు బిగించి కరెంటు, వోల్టేజీ చూపే మీటరు) కొనేటప్పుడు అందరూ ముందువైపే చూస్తారు. తెర ఎంత పెద్దది, కచ్చితత్వం క్లాస్ 0.5ఎస్ చాలా 0.2ఎస్ కావాలా, హార్మోనిక్స్ ఎన్నో వరస దాకా చూపిస్తుంది అని అడుగుతారు. బిగించిన ఆరు నెలల తర్వాత మొదలయ్యే తగువులు మాత్రం చాలావరకు వెనకవైపు నుంచే వస్తాయి. కరెంటు, వోల్టేజీ టెర్మినళ్ల కింద చిన్న కనెక్టర్లలో ఏఐ (అనలాగ్ ఇన్‌పుట్), డీఐ (డిజిటల్, అంటే బైనరీ ఇన్‌పుట్) అని రాసి ఉంటుంది చూడండి, అవే ఈ వ్యాసం విషయం. ట్రాన్స్‌ఫార్మర్ నూనె వేడి, ట్యాప్ స్థానం (ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మెట్లుగా సరిచేసే స్విచ్ ఏ మెట్టు మీద ఉందో), బ్రేకర్ స్థితి, జనరేటర్ నడుస్తోందా లేదా, డీజిల్ ఎంత ఖర్చయింది అనే సమాచారమంతా మీటరులోకి వచ్చే దారి అదే.

కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో అన్నీ చేస్తుందనే రాసి ఉంటుంది: 0–20, 4–20 మిల్లీఆంపియర్లు, 0–10 వోల్టులు, పీటీ 100 (వేడిని బట్టి నిరోధం మారే సెన్సర్), డ్రై కాంటాక్ట్ (సొంత వోల్టేజీ లేని స్విచ్), 24 నుంచి 250 వోల్టుల దాకా ఏ వోల్టేజీ అయినా. అన్నీ చేసే పరికరం ముందు కూర్చున్నప్పుడే ఏది ఎంచుకోవాలో తోచక చేతులు ఆగుతాయి.

నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. ఎక్కువమంది కచ్చితత్వం చూసి ఇన్‌పుట్ రకాన్ని ఎంచుకుంటారు. నేను మాత్రం వైరు తెగితే మీటరు ఏం చూపిస్తుందో చూసి ఎంచుకుంటాను. అర శాతం తప్పు చూపే ఇన్‌పుట్‌తో పని జరుగుతుంది. తెగిన వైరు మీద కూడా నమ్మదగినట్టుండే అంకె చూపే ఇన్‌పుట్‌తో జరగదు, ఎందుకంటే అది చెడిపోయిందని ఎవరికీ తెలియదు.

## ఎంచుకునే ముందు అడగవలసినవి

మొదటి ప్రశ్న పైన చెప్పినదే: వైరు తెగినా, షార్ట్ అయినా, సరఫరా పోయినా మీటరు చూపేది నిజమైన విలువతో కలిసిపోతుందా, వేరుగా కనబడుతుందా?

రెండోది దూరం. సంకేతం అదే ప్యానెల్‌లో పుడుతుందా, 80 మీటర్ల అవతల యార్డులోని (సబ్‌స్టేషన్ ఆరుబయటి స్థలం) మార్షలింగ్ బాక్సులోనా (తీగలన్నీ ఒకచోట కలిసే పెట్టె)? పక్కనే 11 కేవీ కేబుల్ నడుస్తోందా?

మూడోది వేగం. నూనె వేడి నిమిషాల్లో మారుతుంది. బ్రేకర్ కొన్ని పదుల మిల్లీసెకన్లలో తెరుచుకుంటుంది. రెండింటికీ ఒకే ఫిల్టర్ (సంకేతం కాసేపు నిలబడితేనే నమ్మే ఆలస్యం) పెట్టడం మనం తరచు చేసే తప్పు.

నాలుగోది, ఆ తీగలో వోల్టేజీ ఎవరు పెడుతున్నారు? మీటరా, బయటి బ్యాటరీయా, ట్రాన్స్‌మిటరా (కొలతను మిల్లీఆంపియర్లుగా మార్చి పంపే పరికరం; ట్రాన్స్‌డ్యూసర్ కూడా అలాంటిదే)? దీనికి ఇద్దరు బాధ్యులైతే పరికరం కాలిపోతుంది, ఎవరూ కాకపోతే ఏమీ పనిచేయదు.

## అనలాగ్ ఇన్‌పుట్: నాలుగు దారులు

| రకం | వైరు తెగితే | దూరం | ఎక్కడ బాగుంటుంది |
|---|---|---|---|
| 4–20 మిల్లీఆంపియర్ | 0 వస్తుంది, లోపమని తెలుస్తుంది | వందల మీటర్లు | యార్డు నుంచి ప్యానెల్‌కు వచ్చే ఏదైనా |
| 0–20 మిల్లీఆంపియర్ | 0, నిజమైన సున్నాతో కలిసిపోతుంది | వందల మీటర్లు | పాత ట్రాన్స్‌డ్యూసర్లు ఉన్నచోట మాత్రమే |
| 0–10 వోల్టులు | 0 లేదా ఊగిసలాడే అంకె | కొద్ది మీటర్లు | ఒకే ప్యానెల్ లోపల |
| పీటీ 100 నేరుగా | చాలా ఎక్కువ వేడి చూపుతుంది | మూడు తీగలైతే పదుల మీటర్లు | దగ్గరి బేరింగు, ప్యానెల్ లోపలి వేడి |

4–20కి ఈ ఆదరణ రావడానికి కారణం ఆ నాలుగే. కొలత సున్నా అయినప్పుడు కూడా తీగలో 4 మిల్లీఆంపియర్లు పారుతూ ఉంటాయి కాబట్టి అసలు కరెంటే లేకపోతే తీగ తెగిందని అర్థం. నామూర్ అనే పరిశ్రమల సంఘం ఎన్‌ఈ 43 సిఫారసు దీన్ని ఇంకా స్పష్టం చేసింది: 3.8 నుంచి 20.5 వరకు కొలత, 3.6 కంటే కిందకు లేదా 21 కంటే పైకి పోతే లోపం. మీ మీటరులో ఈ హద్దులు పెట్టుకునే వీలుంటే తప్పక పెట్టండి. కొన్ని మీటర్లు 4 కంటే తక్కువ వచ్చినదాన్ని సున్నాగా చదును చేసి చూపిస్తాయి. అప్పుడు 4–20 తెచ్చుకుని 0–20 ఫలితం పొందినట్టే.

ఆ నాలుగు మిల్లీఆంపియర్లతో ఇంకో సౌకర్యం ఉంది. రెండు తీగల ట్రాన్స్‌మిటర్ తనకు కావలసిన విద్యుత్తును అదే లూపు నుంచి తీసుకుంటుంది. యార్డులో దానికి వేరే సరఫరా అక్కరలేదు. లెక్క మాత్రం ఒకటి చేసుకోవాలి. లూపుకు 24 వోల్టులు ఇచ్చి, ట్రాన్స్‌మిటర్‌కు కనీసం 12 వోల్టులు కావాలంటే మిగిలేది 12. దాన్ని 20 మిల్లీఆంపియర్లతో భాగిస్తే 600 ఓములు. మీటరు ఇన్‌పుట్, దాని తర్వాత స్కాడా (దూరం నుంచి గమనించే కంప్యూటర్ వ్యవస్థ) కార్డులోని 250 ఓములు, తీగ నిరోధం అన్నీ కలిపి అంతకు లోపల ఉండాలి. లేదంటే వేసవిలో లోడు పెరిగి కొలత పై అంచుకు చేరినప్పుడే అంకె ఒకచోట నిలిచిపోతుంది. చలికాలంలో పరీక్షించినవారికి ఇది కనబడదు.

0–20ని కొత్త పనిలో ఎంచుకోవడానికి నాకు కారణం కనబడదు. పాత ట్రాన్స్‌డ్యూసర్లు అలాగే వస్తే సరే. అంతకంటే పాతవి, ఎగుమతి దిగుమతి రెండూ చూపే మైనస్ 10 నుంచి ప్లస్ 10 మిల్లీఆంపియర్ల ట్రాన్స్‌డ్యూసర్లు ఇంకా కొన్నిచోట్ల నడుస్తున్నాయి. వాటి వైరు తెగితే మీటరు సున్నా మెగావాట్లని చెబుతుంది. ఫీడరులో విద్యుత్తు అటూ ఇటూ పోయే చోట సున్నాను ఎవరూ అనుమానించరు. అలాంటిచోట 4–12–20 పద్ధతి మేలు. 12 దగ్గర సున్నా, 4 దగ్గర పూర్తి ఎగుమతి, 20 దగ్గర పూర్తి దిగుమతి పెట్టుకుంటే తెగిన తీగ విడిగా కనబడుతుంది.

0–10 వోల్టులది వేరే కథ. మీటరు ఇన్‌పుట్ నిరోధం చాలా ఎక్కువ కాబట్టి తీగలోకి పక్క కేబుల్ నుంచి ప్రేరేపితమయ్యే చిన్న వోల్టేజీ కూడా కొలతలో కలుస్తుంది. రెండు చోట్ల ఎర్త్ మధ్య తేడా ఉంటే అదీ కలుస్తుంది. కరెంటు లూపులో ఈ బెడద చాలా తక్కువ. ఒకే ప్యానెల్‌లో వేరియబుల్ స్పీడ్ డ్రైవ్ నుంచి మీటరుకు మీటరున్నర తీగతో తెచ్చుకోవడానికి 0–10 సరిపోతుంది. తలుపు దాటితే వద్దు.

పీటీ 100ను నేరుగా కలిపితే ట్రాన్స్‌మిటర్ ఖర్చు మిగులుతుందని చాలామంది ఆశపడతారు. ఇది 0 డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓములు ఉంటుంది, అంటే డిగ్రీకి సుమారు 0.385 ఓములు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కిలోమీటరుకు సుమారు 12.1 ఓములు. 100 మీటర్ల దూరం అంటే పోను రాను 200 మీటర్లు, 2.42 ఓములు. రెండు తీగలతో కలిపితే మీటరు అసలు వేడికంటే ఆరు డిగ్రీలకు పైగా ఎక్కువ చూపిస్తుంది. మూడో తీగ వేస్తే ఈ తప్పు చాలావరకు పోతుంది, కానీ మూడు తీగలూ ఒకే కొలతలో ఉండాలి. ఇక తెగితే నిరోధం అనంతమై మీటరు పై అంచు చూపిస్తుంది. షార్ట్ అయితే మంచు కంటే చల్లగా చూపిస్తుంది. అలారం వరకే అయితే తెగినప్పుడు మోగడం మంచిదే. అదే సంకేతంతో ట్రిప్ చేయించాలనుకుంటే ఒక వదులు స్క్రూ ఫీడరును పడగొడుతుంది.

### స్కేలింగ్ (మిల్లీఆంపియర్లను కొలతగా మార్చే లెక్క) తప్పు ఎలా కనబడుతుంది

ఒక కర్మాగారంలో కొత్తగా పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా లోడు కూడా ఎక్కకముందే డిసెంబరు తెల్లవారుజామున 50 డిగ్రీలు చూపిస్తోందని పిలిచారు. ట్యాంకు మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. ట్రాన్స్‌మిటర్ 4–20, మీటరులో మాత్రం 0–20 ఎంచి ఉంది. అది పెట్టింది నేనే. పూర్తి స్థాయి 150 దగ్గర పరీక్షించి, రెండూ కలిశాయని సంతకం పెట్టి వచ్చాను. ఆ ఒక్క బిందువు దగ్గర ఈ తప్పు కనబడదని అప్పటిదాకా ఆలోచించలేదు.

0 నుంచి 150 డిగ్రీల ట్రాన్స్‌మిటర్‌తో ఈ రెండు తప్పులూ ఇలా ఉంటాయి:

| నిజమైన వేడి | పంపేది 4–20, మీటరులో 0–20 | పంపేది 0–20, మీటరులో 4–20 |
|---|---|---|
| 25 | 50 | మైనస్ 6 |
| 60 | 78 | 37.5 |
| 90 | 102 | 75 |
| 150 | 150 | 150 |

మొదటి తప్పు గోల చేస్తుంది కాబట్టి దొరికిపోతుంది. రెండోది ప్రమాదకరం. అలారం 90 దగ్గర పెట్టామనుకుంటే నూనె నిజంగా 102 డిగ్రీలకు చేరేవరకు మోగదు. అందుకే స్కేలింగ్‌ను కనీసం మూడు బిందువుల దగ్గర, అందులో ఒకటి కింది అంచు దగ్గర, లూపు కాలిబ్రేటర్‌తో (కావలసినంత కరెంటు పంపి చూసే పరికరం) చూడాలి.

### ప్రధాన కరెంటు ఇన్‌పుట్ గురించి ఒక్క మాట

సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) సెకండరీ 1 ఆంపియరా, 5 ఆంపియర్లా అన్నది కూడా ఎంపికే. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ కిలోమీటరుకు సుమారు 7.4 ఓములు. సీటీ 50 మీటర్ల దూరంలో ఉంటే పోను రాను 0.74 ఓములు. 5 ఆంపియర్లయితే ఆ తీగే 18.5 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) మింగుతుంది, 1 ఆంపియరయితే 0.74 వీఏ. యార్డుకు 1 ఆంపియర్, ప్యానెల్ లోపలి సీటీలకు 5 అనేది సాధారణంగా సరిపోయే పద్ధతి. మీటరు రెండింటినీ ఒప్పుకున్నా సెట్టింగులో ఏది ఎంచామో చూడాలి. తప్పితే కరెంటు, పవరు, యూనిట్ల అంకెలన్నీ అయిదు రెట్లు తేడా వస్తాయి. నడుస్తున్న సీటీ సెకండరీని ఎప్పుడూ తెరిచి వదలకూడదని తెలిసినవారికి కూడా మళ్లీ చెప్పడంలో తప్పు లేదు.

## బైనరీ ఇన్‌పుట్: వోల్టేజీ ఎంపికలోనే సగం పని

తెరిచి ఉందా మూసి ఉందా అన్న ప్రశ్నకు ఏముంది ఎంచుకోవడానికి అనిపిస్తుంది. నాకు మాత్రం అనలాగ్ కంటే బైనరీ వల్లే ఎక్కువ రాత్రులు పాడయ్యాయి.

మొదటి ఎంపిక, కాంటాక్టు మూసుకుందో లేదో తెలియడానికి దాని గుండా పంపే వోల్టేజీ ఎక్కడిది అన్నది. మీటరు తానే 24 వోల్టులు ఇచ్చి బయట డ్రై కాంటాక్ట్ అడిగే రకం ఒకటి. బయటి బ్యాటరీ వోల్టేజీని కాంటాక్ట్ ద్వారా తెచ్చి ఇన్‌పుట్‌కు ఇచ్చే రకం రెండోది. మన దగ్గర పెద్ద సబ్‌స్టేషన్లలో ఆ బ్యాటరీ 110 లేదా 220 వోల్టుల డీసీ ఉంటుంది, చిన్నవాటిలో ఇంకా తక్కువ.

మీటరు సొంత 24 వోల్టులది ప్యానెల్ లోపల హాయిగా పనిచేస్తుంది. తీగలు రెండే, వేరే ఎంసీబీ అక్కరలేదు. యార్డుకు తీసుకుపోతే రెండు చిక్కులు వస్తాయి. బ్రేకరు ఆక్సిలరీ స్విచ్‌లో (బ్రేకరుతోపాటు కదిలి దాని స్థితి చెప్పే స్విచ్) పెద్ద వెండి కాంటాక్టులు ఏళ్లతరబడి తేమలో, దుమ్ములో ఉండి పైన పొర కడతాయి. 24 వోల్టులు, రెండు మూడు మిల్లీఆంపియర్లు ఆ పొరను ప్రతిసారీ దాటలేవు. 110 లేదా 220 దాటుతుంది. రెండో చిక్కు, పక్క తీగల నుంచి ప్రేరేపితమయ్యే వోల్టేజీకి 24 వోల్టుల ఇన్‌పుట్ త్వరగా లొంగుతుంది. ఇక అక్కడ ఎవరైనా పొరపాటున బ్యాటరీ తీగ తాకిస్తే మీటరు ఇన్‌పుట్ కార్డు పోతుంది.

మధ్యే మార్గంగా ఇంటర్‌పోజింగ్ రిలే పెట్టవచ్చు. యార్డు వైపు 110 కాయిలు, మీటరు వైపు డ్రై కాంటాక్ట్. విడదీత దొరుకుతుంది, బదులుగా పది మిల్లీసెకన్ల లోపో పైనో ఆలస్యం, చెడిపోవడానికి ఇంకో కాంటాక్ట్ వస్తాయి. సంఘటనల క్రమాన్ని మిల్లీసెకన్లలో నమోదు చేయాలనుకునే చోట వద్దు. తలుపు తెరిచారా, ఫ్యాన్ తిరుగుతోందా లాంటివాటికి సరే.

### సగం వోల్టేజీ ఉచ్చు

24 నుంచి 250 వోల్టుల దాకా ఏదైనా ఒప్పుకునే ఇన్‌పుట్ ఆకర్షణీయంగా ఉంటుంది. ఒకే మీటరు అన్నిచోట్లా పనికొస్తుంది, స్టోర్సువాళ్లకూ సంతోషం. దాన్ని కొనే ముందు పికప్ వోల్టేజీ (ఇన్‌పుట్ సంకేతం వచ్చిందని నమ్మే కనీస స్థాయి) ఎంతో అడగండి. చాలావాటిలో అది 24 వోల్టులకు సరిపోయేలా 15, 18 వోల్టుల దగ్గర స్థిరంగా ఉంటుంది.

220 వోల్టుల బ్యాటరీకి ఏ ధ్రువమూ నేరుగా ఎర్త్ కాదు. ఇన్సులేషన్ రెండువైపులా సమంగా ఉంటే ఎర్త్‌తో పోల్చి ప్లస్ 110 పైన, మైనస్ 110 కింద తేలుతుంటాయి. వానాకాలం మార్షలింగ్ బాక్సులో నీరు చేరి, కాంటాక్ట్ నుంచి మీటరుకు వచ్చే తీగ ఎర్త్‌ను తాకిందనుకోండి. కాంటాక్ట్ తెరిచే ఉంది. అయినా ఇన్‌పుట్‌కు ఒకవైపు ఎర్త్, ఇంకోవైపు మైనస్ దొరుకుతాయి. అంటే సగం దాకా, 110 వోల్టులు. 18 వోల్టుల దగ్గర ఎత్తుకునే ఇన్‌పుట్ బ్రేకరు మూసుకుందని లేదా అలారం వచ్చిందని నమ్మేస్తుంది. అర్ధరాత్రి ఆపరేటరు పరుగెత్తి వెళ్లి చూస్తే అక్కడ ఏమీ ఉండదు.

పరిష్కారం పికప్ స్థాయిని సగం కంటే పైన పెట్టడమే. పైహద్దు కూడా ఉంది. చార్జరు పోయి బ్యాటరీ 85 శాతానికి దిగినా నిజమైన సంకేతం పట్టుబడాలి. చార్జింగ్‌లో 110 శాతానికి ఎక్కినప్పుడు దాని సగం పట్టుబడకూడదు. ఆ రెండింటి మధ్య కిటికీ ఇది:

| బ్యాటరీ | ఇంతకు పైన ఉండాలి | ఇంతకు లోపల ఉండాలి | నేను పెట్టేది |
|---|---|---|---|
| 220 వోల్టులు | 121 | 187 | 154 |
| 110 వోల్టులు | 60.5 | 93.5 | 77 |
| 48 వోల్టులు | 26.4 | 40.8 | 34 |

పికప్ స్థాయిని మార్చుకునే వీలు ఉన్న ఇన్‌పుట్‌కూ, స్థిరంగా ఉన్నదానికీ ధరలో తేడా ఉంటుంది. 110, 220 వోల్టుల యార్డులో ఆ తేడా కట్టడానికి నేను వెనకాడను. కర్మాగారంలో, నెగటివ్ ఎర్త్ చేసిన 24 వోల్టుల కంట్రోల్ సరఫరా ఉన్నచోట ఈ ఉచ్చు ఇలా రాదు. అక్కడ ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) 61131-2 ప్రకారం 15 వోల్టుల పైన ఒకటి, 5 కంటే కింద సున్నా అనే సాధారణ ఇన్‌పుటే చాలు.

### ఎన్ఓ, ఎన్‌సీ

ఎన్ఓ అంటే మామూలుగా తెరిచి ఉండే కాంటాక్ట్, ఎన్‌సీ అంటే మామూలుగా మూసి ఉండేది. అలారం అయితే ఎన్‌సీ వైపే నా మొగ్గు. మామూలు స్థితిలో ఇన్‌పుట్‌కు వోల్టేజీ ఉంటుంది, తీగ తెగితే అలారం వస్తుంది. చిన్న ఇబ్బంది ఒకటి. ఆ సరఫరా ఎంసీబీ పడితే అన్ని అలారాలూ ఒకేసారి వచ్చిపడతాయి. దానికి విరుగుడుగా ఒక ఇన్‌పుట్‌ను ఆ సరఫరా ఉందో లేదో చూడటానికే వదిలేయండి. అది పోతే మిగిలినవాటిని చెల్లనివిగా గుర్తించేలా లాజిక్ పెట్టుకోవచ్చు. ఇన్‌పుట్ వృథా అవుతుందని అనేవారుంటారు. ఎనిమిది ఇన్‌పుట్‌ల మీటరులో ఆ ఒక్కటే మిగిలిన ఏడింటికీ విలువ ఇస్తుంది.

ట్రిప్‌కు సంబంధించిన బుకోల్జ్ (ట్రాన్స్‌ఫార్మర్ లోపలి లోపాన్ని పసిగట్టే రిలే) కాంటాక్టు లాంటివి మాత్రం ఎన్ఓ ఉండటమే ఆచారం. తీగ తెగినంతమాత్రాన ట్రాన్స్‌ఫార్మర్ పడిపోకూడదు కదా.

### బ్రేకరుకు ఒక ఇన్‌పుటా, రెండా

ఒక్క కాంటాక్ట్ వాడితే తీగ తెగినా, బ్రేకరు తెరుచుకున్నా ఒకేలా కనబడుతుంది. మూసినప్పుడు మూసుకునే కాంటాక్ట్, మూసినప్పుడు తెరుచుకునే కాంటాక్ట్ రెండూ తెస్తే నాలుగు స్థితులు వస్తాయి. మొదటిది మాత్రమే ఒకటయితే బ్రేకరు మూసి ఉంది, రెండోది మాత్రమే ఒకటయితే తెరిచి ఉంది, రెండూ సున్నా అయితే మధ్యలో ఉంది లేదా తీగ పోయింది, రెండూ ఒకటయితే ఏదో తప్పుంది. సమాచారం పంపే ప్రమాణాలైన ఐఈసీ 61850లోనూ, 60870-5-104లోనూ దీనికి ప్రత్యేకమైన రెండు బిట్ల స్థితి ఉంది. బ్రేకరుకు, ఐసొలేటరుకు (లోడు లేనప్పుడు లైనును విడదీసే స్విచ్) రెండు ఇన్‌పుట్‌లు వాడండి. ఐసొలేటరు మోటారుతో కదలడానికి కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి మధ్యస్థితి అలారాన్ని అంతకంటే ఎక్కువసేపు ఆపి ఉంచాలి. ఫ్యాన్లకు, తలుపులకు ఒకటే చాలు.

### ఫిల్టర్ సమయం

మెకానికల్ కాంటాక్ట్ మూసుకునేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది. ఫిల్టర్ లేకపోతే ఒక్క బ్రేకరు ఆపరేషన్ అయిదారు సంఘటనలుగా నమోదవుతుంది. బ్రేకరు స్థితికి 10 నుంచి 20 మిల్లీసెకన్లు పెడతాను. తీగలో 50 హెర్ట్జ్ ప్రేరేపిత వోల్టేజీ ఉన్నా దాని ఒక్కో అర చక్రం 10 మిల్లీసెకన్లే కాబట్టి 20 దగ్గర అది దాటలేదు. తలుపులు, నూనె మట్టం, ఫ్యాన్లకు 100 కంటే ఎక్కువ పెట్టినా నష్టం లేదు. గాలికి కదిలే లివరు అయితే ఇంకా ఎక్కువ.

సంఘటనల క్రమం ముఖ్యమైతే మీటరు పుస్తకంలో ఒక విషయం వెతకండి. సమయముద్ర మొదటి అంచు దగ్గర పడుతుందా, ఫిల్టర్ ముగిశాకా? రెండోది అయితే 20 మిల్లీసెకన్ల ఫిల్టర్ ఉన్న ఇన్‌పుట్, 5 ఉన్న ఇన్‌పుట్ కంటే కొద్దిగా ముందు వచ్చినా వెనక నమోదు కావచ్చు. ప్రమాద విచారణలో ఇలాంటి తిరగబడిన వరుస మీద వాదనలు నడవడం చూశాను. ఆ గుంపులోని ఇన్‌పుట్‌లన్నిటికీ ఒకే ఫిల్టర్ పెట్టడం తేలిక మార్గం.

## యూనిట్లు లెక్కించడానికి: పల్సా, మోడ్‌బసా

పాత ఎనర్జీ మీటరు, నీటి మీటరు, డీజిల్ మీటరు పల్సులిస్తాయి. ఐఈసీ 62053-31 ప్రకారం పల్సు కనీసం 30 మిల్లీసెకన్లు, మధ్య ఖాళీ కూడా అంతే. కాబట్టి సెకనుకు 16 పల్సులకు మించి రాలేవు. యూనిట్‌కు 1000 పల్సుల అమరికతో 100 కిలోవాట్ల లోడు నడిస్తే సెకనుకు 27 దాటాలి, అది కుదరదు. యూనిట్‌కు 100 పెడితే సెకనుకు మూడు లోపే. ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. వేరే ఇన్‌పుట్‌కు బాగుందని పల్సు ఇన్‌పుట్‌కూ 50 మిల్లీసెకన్ల ఫిల్టర్ పెడితే 30 మిల్లీసెకన్ల పల్సు ఒక్కటీ లోపలికి రాదు. పల్సుకు 10 లోపలే ఉండాలి.

మోడ్‌బస్ (పరికరాలు ఒకదానికొకటి అంకెలు పంపుకునే పద్ధతి) ద్వారా చదివితే మొత్తం అంకె నేరుగా వస్తుంది. మన మీటరు గంటసేపు ఆగినా ఏమీ పోదు, మళ్లీ చదువుతుంది. పల్సులో ఆ గంట శాశ్వతంగా పోతుంది. అవతలి పరికరానికి మోడ్‌బస్ నడిచే ఆర్‌ఎస్ 485 పోర్టు ఉంటే దాన్నే వాడండి. లేకపోతే పల్సు, నెలకొకసారి రెండు అంకెలనూ పోల్చుకోవడం.

## ట్యాప్ స్థానం: అనలాగ్ గెలిచే చోటు

ప్లస్ 5 నుంచి మైనస్ 15 శాతం దాకా 1.25 శాతం మెట్లతో ఉండే ఓఎల్‌టీసీకి (లోడు నడుస్తుండగానే ట్యాప్ మార్చే పరికరం) 17 స్థానాలు. వీటిని మీటరులోకి తేవడానికి మూడు దారులున్నాయి.

బీసీడీలో (అంకెను బిట్లుగా పంపే పద్ధతి) అయిదు ఇన్‌పుట్‌లు చాలు: ఒకట్లకు 1, 2, 4, 8, పదులకు ఒకటి. పొదుపుగా ఉంటుంది, కానీ నా మొదటి ప్రశ్న దగ్గర ఇది ఓడిపోతుంది. 8 బిట్ తీగ తెగితే 9వ ట్యాప్ 1గా కనబడుతుంది. పదుల తీగ తెగితే 17 కాస్తా 7 అవుతుంది. రెండూ చెల్లుబాటయ్యే అంకెలే, ఎవరూ పట్టుకోలేరు. పైగా 7 నుంచి 8కి మారేటప్పుడు నాలుగు బిట్లూ ఒకేసారి తిరగబడాలి. కాంటాక్టులు ఒక్కొక్కటిగా కదిలితే మధ్యలో లేని స్థానం ఒక క్షణం మెరుస్తుంది. బీసీడీ తప్పనిసరైతే అయిదు బిట్లూ స్థిరపడ్డాకే చదివే గుంపు ఫిల్టర్ పెట్టండి. ఒక్కసారి రెండు మెట్లకు మించి మారితే అలారం ఇచ్చేలా కూడా చూడండి.

స్థానానికి ఒక తీగ చొప్పున 17 ఇన్‌పుట్‌లు వాడితే తెగినది వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే ఏ ఇన్‌పుటూ వెలగదు. కానీ మీటరుకు అన్ని ఇన్‌పుట్‌లు ఎక్కడివి?

నిరోధాల గొలుసు మీద ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి 4–20గా మార్చితే లెక్క అందంగా కుదురుతుంది. 17 స్థానాలకు 16 మెట్లు, 16 మిల్లీఆంపియర్లు, మెట్టుకు సరిగ్గా ఒకటి. 1వ ట్యాప్ 4, 17వ ట్యాప్ 20. అర మిల్లీఆంపియర్ లోపు తప్పు వచ్చినా సరైన స్థానానికే గుండ్రమవుతుంది, తీగ తెగితే 0. ఒక్క ఇన్‌పుటే పోతుంది. గొలుసు కాంటాక్ట్ తర్వాతిదాన్ని పట్టుకున్నాకే ముందుదాన్ని వదిలే రకం కావాలి, లేకపోతే ప్రతి మార్పుకూ లోపం అలారం మెరుస్తుంది.

## మీరు ఎక్కడ ఉన్నారో దాన్ని బట్టి

అపార్టుమెంటులో జనరేటరు, గ్రిడ్ రెండిటికీ వేర్వేరు రేట్లున్న డ్యూయల్ సోర్స్ మీటరు పెట్టేవారి సమస్య చిన్నదిగా కనబడి పెద్ద తగువు అవుతుంది. మూలాన్ని గుర్తించే ఇన్‌పుట్‌కు జనరేటరు నుంచి 230 వోల్టుల ఏసీ నేరుగా ఇవ్వడం తేలిక, చాలాచోట్ల అదే చేస్తారు. వారానికొకసారి జనరేటరును ఖాళీగా నడిపి చూసే పావుగంట, ఇళ్లలో గ్రిడ్ విద్యుత్తే ఉన్నా మీటర్లన్నీ జనరేటరు రేటుకు మారిపోతాయి. జనరేటరు తిరుగుతోందా అన్నది కాదు, లోడు దాని మీద ఉందా అన్నది కావాలి. చేంజోవర్ కాంటాక్టరు (లోడును గ్రిడ్ నుంచి జనరేటరుకు మార్చే స్విచ్) ఆక్సిలరీ కాంటాక్ట్ నుంచి తెచ్చుకోండి. తీగ తెగితే గ్రిడ్ రేటు పడేలా అమర్చుకుంటే నష్టం సంఘానికి, తిరగేస్తే నివాసులకు. ఏది కావాలో సర్వసభ్య సమావేశంలోనే తేల్చుకోవడం మంచిది.

సౌర కేంద్రంలో పైరనోమీటరు (ఎండ తీవ్రత కొలిచే సెన్సర్) కొనేవారు ట్రాన్స్‌మిటరుతో కలిసి వచ్చేదే తీసుకోవాలి. నేరుగా వచ్చే సంకేతం చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో సుమారు 10 మిల్లీవోల్టులే. 12 బిట్ల 0–10 వోల్టుల ఇన్‌పుట్‌లో ఒక్కో మెట్టు 2.4 మిల్లీవోల్టులు. అంటే పొద్దుటి నుంచి మిట్టమధ్యాహ్నం దాకా ఎండంతా నాలుగు మెట్లలో ముగిసిపోతుంది.

కర్మాగారంలో దూరాలు తక్కువ, కంట్రోల్ సరఫరా 24 వోల్టులు, పక్కన డ్రైవ్‌లు ఎక్కువ. అనలాగ్‌కు 4–20, మెలితిప్పిన షీల్డు జత, షీల్డు ప్యానెల్ వైపే ఎర్త్. బైనరీకి మీటరు సొంత 24 చాలు. ఎక్కువ ఖర్చు అక్కరలేదు.

110, 220 వోల్టుల యార్డులో పనిచేసేవారికి నా సలహా తిరగబడుతుంది. అనలాగ్ ఇన్‌పుట్‌ల నాణ్యత మామూలుదైనా ఫర్వాలేదు, బైనరీ ఇన్‌పుట్‌ల పికప్ మార్చుకునే వీలున్న మీటరే కొనండి. ఆర్డరు ఇచ్చేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ రాయకపోతే ఎక్కువగా వచ్చేది ఆ 24–250 రకమే.

అప్పగించే రోజు స్కేలింగ్ పట్టికలో ఒక నిలువు వరుస అదనంగా గీయండి: తెగితే చూపేది. ప్రతి తీగనూ టెర్మినల్ దగ్గర విప్పి, మీటరు తెర మీద ఏం వచ్చిందో అందులో రాయండి. బైనరీ ఇన్‌పుట్‌లకు విప్పడంతోపాటు అనుమతి తీసుకుని తగిన నిరోధం ద్వారా తీగను ఎర్త్‌కు తాకించి కూడా చూడండి. ఎనిమిది ఇన్‌పుట్‌ల మీటరుకు అరపూట పడుతుంది. ఆ కాగితాన్ని ప్యానెల్ తలుపు లోపలి జేబులో పెట్టండి, ఆఫీసు ఫైలులో పెడితే అర్ధరాత్రి ఎవరికీ దొరకదు.